ఆరుద్ర నాలుగో రోజు

ఫిబ్రవరి 9, సోమవారం. కుళాయి నీళ్లు వచ్చింది గంటా పది నిమిషాలు. పట్టినవి పదమూడు బిందెలు, రెండు బకెట్లు. జొన్నరొట్టెలు తొమ్మిది. ఉతికిన బట్టలు పదిహేడు, అందులో దుప్పట్లు రెండు. ఒలిచిన శనక్కాయలు రెండు శేర్లు, పుచ్చులు ఏరేస్తే మిగిలింది శేరున్నర. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు సగమే లోపలికి తెచ్చాను. మిగతావి అక్కడే ఉండిపోయాయి. సాయంత్రం నాలుగు గంటలకు ఫోన్ వచ్చింది.

మా పక్కింటి డాక్టరమ్మ పోయారు. గుండె చూపించుకోవడానికి బెంగళూరులో తమ్ముడి ఇంటికి వెళ్లారు. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు.

నేను నమ్మలేదు. ఫోన్ చేసింది ఆమె దగ్గర శిక్షణ పొందిన ఒక డాక్టరు సారు. ఎవరు చెప్పారు, ఎవరు చూశారు, ఎన్ని గంటలకు అని ఆయన్ను మూడు ప్రశ్నలు అడిగాను. ఓపిగ్గా మూడింటికీ జవాబు చెప్పాడు. అయినా పెట్టేసి ఆమె నంబరుకే చేశాను. తమ్ముడు ఎత్తి, ఏడుస్తూ చెప్పాడు. అప్పుడు నమ్మాను.

పోయిన మనిషి గురించి రాస్తూ అనుమానంతో మొదలుపెట్టిందేమిటని మీరు అనుకోవచ్చు. ఆమెతో నా నాలుగేళ్ల పరిచయం దాదాపు అంతా అనుమానంతోనే నడిచింది. దాన్ని పక్కన పెట్టి నాలుగు మంచి మాటలు రాస్తే అది ఆమె గురించి రాసినట్టు కాదు.

ఆమె జీవితమంతా మెడికల్ కాలేజీల్లో మనసు జబ్బుల పాఠం చెప్పారు. రిటైరయ్యాక కొత్తచెరువు వచ్చి మా పక్క ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పుట్టింది ఉరవకొండ వైపు కాబట్టి మాట మా మాటే. విశ్రాంతికి వచ్చారనుకున్నాం. నెల తిరక్కుండానే బస్టాండు వెనక ఖాళీగా ఉన్న శనక్కాయల గోదాము అద్దెకు తీసుకుని, సున్నం వేయించి, నలభై కుర్చీలు దింపించారు. రెండు నెలలకోసారి అక్కడికి డాక్టర్లు వచ్చేవాళ్లు. పుట్టపర్తి లాడ్జీల్లో దిగి, మూడు రోజులు పొద్దున్నే ఆటోల్లో వచ్చి, సాయంత్రం పోయేవాళ్లు. వాళ్లంతా కాలేజీల్లో పాఠాలు చెప్పే డాక్టర్లు. పాఠం ఎలా చెప్పాలో ఈమె వాళ్లకు నేర్పేవారు.

"అంత చదివినోళ్లకు పాఠం చెప్పడం రాదా?" అని ఒకసారి అడిగాను.

"వంట వచ్చినోళ్లందరికీ వడ్డించేది వస్తాదా పాపా?" అన్నారు.

మా వైపు చిన్నవాళ్లను పాపా అంటారు. నాకు నలభై తొమ్మిదేళ్లు.

ఆమె గురించి నా మొదటి అనుమానం ప్రహరీ గోడ దగ్గర మొదలైంది. మా రెండిళ్లకూ మధ్య నడుము ఎత్తు గోడ. పొద్దున నేను బట్టలు ఆరేస్తుంటే ఆమె గొడుగు చేత పట్టుకుని వచ్చి నిలబడేవారు. "ఈ పొద్దు ఏ వారం పాపా?" అనేవారు. చెప్పేదాన్ని. రెండు రోజులకు మళ్లీ అదే. ఒకసారి "ఇది ఏ నెల, మార్చేనా?" అన్నారు. ఇంకోసారి కూరగాయల సంచి చూపించి, "నూర్లో నుంచి అరవై ఏడు పోతే ఎంత?" అన్నారు.

ఈ ప్రశ్నలు నేను ఇంతకుముందు విన్నాను. ఎక్కడ విన్నానో కాస్త తర్వాత చెబుతాను. ఆ నెల ఆమె నన్ను వారం తొమ్మిదిసార్లు, నెల మూడుసార్లు, తీసివేతలు రెండుసార్లు అడిగారు. చీటీ రాసి పెట్టాను. పదోసారి వారం అడిగినప్పుడు పిన్నులు కింద పెట్టి అడిగేశాను.

"మేడమ్, నాకు బుద్ధి సరిగ్గా ఉందో లేదో పరీక్ష చేస్తాండారా?"

ఆమె అద్దాలు తీసి నన్ను చూశారు. ఏదైనా శ్రద్ధగా వినాలంటే ఆమె అద్దాలు తీసేసేవారు.

"వారం నిజంగానే గుర్తుండదు పాపా. కాలేజీకి పోయేది లేక అన్ని దినాలూ ఆదివారమే నాకు. ఆ లెక్క మాత్రం..." అని అద్దాలు కొంగుతో తుడుచుకున్నారు. "ఆ లెక్క అలవాటు. నలభై ఏండ్ల అలవాటు. అడక్కుండా మనిషిని పరీక్ష చేయడం మా వృత్తిలో దొంగతనం. చేసినా. తప్పే."

డాక్టరు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. అందువల్ల అనుమానం తగ్గలేదు, పెరిగింది. ఇంత సులువుగా ఒప్పుకునే మనిషికి ఇంకేదో కావాలి అనుకున్నాను. ఏం కావాలో కూడా నాకు తెలుసు అనుకున్నాను. మా ఇంట్లో మా అక్క ఉంది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. బావ పోయాక ఉరవకొండ దగ్గర నాలుగెకరాల మెట్ట ఒక్కతే సేద్యం చేసింది. వరసగా మూడేళ్లు శనక్కాయ ఎండింది. నాలుగో ఏడు ఆమెకు నిద్ర లేకుండా పోయింది. తర్వాత, చనిపోయిన మా నాయన చెవిలో మాట్లాడుతున్నాడని, విత్తనం వేయొద్దంటున్నాడని రాత్రింబవళ్లు జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. ఒక పెద్దాసుపత్రిలో చేర్పించాం. ఏ ఊరో రాయను. అక్కడ మందులతో పది రోజుల్లో కాస్త కుదుటపడింది. పదకొండో రోజు నర్సు వచ్చి "క్లాసుకు రావాలంట" అని తీసుకుపోయింది. ఎవరూ అక్కను అడగలేదు, నన్నూ అడగలేదు. నేను వెనకాలే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

ముప్పై మంది పిల్లలు తెల్లకోట్లలో కూర్చున్నారు. మధ్యలో కుర్చీలో అక్క. పాఠం చెప్పే ఆయన పిల్లల వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. అక్క ఆయన వీపు చూస్తూ ఉంది. ఉన్నట్టుండి తిరిగి, "ఏమ్మా, ఇప్పుడు ఏ నెల?" అన్నాడు.

"నెల తెలీదు సార్," అంది అక్క. "ఆరుద్ర కార్తె. నాలుగో దినం. పదును అయింటే ఇత్తనం ఎయ్యల్ల."

క్లాసు గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో రాసి, తెలుగులో పిల్లలకు చెప్పాడు, "చూశారా, కాలం స్పృహ లేదు."

వంద నుంచి ఏడు తీసేయమంటే అక్క తల వంచుకుంది. అది కూడా రాసుకున్నారు. ఆ రోజు సాయంత్రం మాత్రలు కిటికీలోంచి పారేసింది. మర్నాడు ఇంటికి తీసుకొచ్చేశాను. ఆ తర్వాత పన్నెండేళ్లు ఏ డాక్టరు ముందూ కూర్చోలేదు. జ్వరమొచ్చినా సరే. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది. రెండోసారి ఎనిమిది రోజులు గది తలుపు తీయలేదు. కిటికీలోంచి మజ్జిగ అందించాను. మూడోసారి వస్తే ఆమె బతకదని నాకు లోపల తెలుసు. తెలిసినా ఇంకో డాక్టరు దగ్గరికి పంపే ధైర్యం చాలలేదు. మేలు చేసే డాక్టరును, ఆమెను మళ్లీ నవ్వులపాలు చేసే డాక్టరును విడదీసి గుర్తుపట్టడం నాకు తెలియదు.

అందుకే పక్కింటికి మనసు జబ్బుల డాక్టరమ్మ వచ్చిందనగానే అక్క గది కిటికీకి కర్టెన్ కట్టాను.

విచిత్రం ఏమిటంటే ఆమె అక్క గురించి ఒక్క మాట అడగలేదు. మా ఇంటికి వచ్చేవారు. తలుపు బార్లా తీసి ఉన్నా తట్టి, "రావచ్చునా?" అని, రమ్మనేదాకా గడప అవతలే నిలబడేవారు. కూర్చునేముందు "కూర్చోనా?" అనేవారు. వేయించిన శనక్కాయలు బెల్లం ముక్కతో పెడితే ఒక్కొక్కటే పొట్టు తీసుకుని తినేవారు. గదిలో నుంచి అక్క దగ్గు వినిపించినా అటు తిరిగేవారు కాదు. అడగకపోవడం కూడా ఒక ఎత్తే అనుకున్నాను. మా ఆయనతో అన్నాను.

"నీకు పాలల్లో నీళ్లు కలిపినా అనుమానమే, కలపకపోయినా ఎందుకు కలపలేదని అనుమానమే," అన్నాడాయన.

ఒక రోజు ఆమె మా వంటింటి గోడకు వేలాడే నా లెక్కల పుస్తకం చూశారు. అది ఇరవై ఏళ్ల అలవాటు. గ్యాసు సిలిండరు ఎన్ని రోజులు వచ్చింది, దోసెల పిండి ఏ కాలంలో ఎన్ని గంటలకు పులిసింది, కరెంటు ఎప్పుడు పోయింది, అన్నీ రాస్తాను. చూడొచ్చా అని అడిగి, పది పేజీలు తిప్పి చూశారు.

"పాపా, నాకు ఇట్లాంటి మనిషి కావల్ల. లెక్క పెట్టేకి."

"ఏం లెక్క?"

"డాక్టర్లను."

ఆమె పద్ధతి ఇది. శిక్షణకు వచ్చిన డాక్టర్లలో ఒకరు రోగి కుర్చీలో కూర్చోవాలి. ఇంకొకరు ఆ రోగిని చూపిస్తూ ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి. మిగిలినవాళ్లు విద్యార్థులు. రోగి కుర్చీకి చేతులు ఉండవు. కావాలనే అలాంటిది తెప్పించారు. పెద్ద పెద్ద డాక్టర్లు అందులో కూర్చోగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడేవాళ్లు. "రోగం పుస్తకంలో ఉంటాది, మనిషి ముందర ఉంటాడు. మనోళ్లు పుస్తకం పక్కే తిరిగి చెప్తారు," అనేవారు ఆమె. నేను వెనక వరసలో కూర్చుని గీతలు పెట్టాలి. పాఠం చెప్పేవారు రోగి ముఖం ఎన్నిసార్లు చూశారు, పేరుతో ఎన్నిసార్లు పిలిచారు, 'ఈ కేసు' అని ఎన్నిసార్లు అన్నారు, మొదలుపెట్టేముందు రోగి అనుమతి అడిగారా లేదా. చివర్లో లేచి అంకెలు చదవాలి. మంచీ చెడ్డా చెప్పకూడదు.

"దానికి ఒక డాక్టరును పెట్టుకోండి," అన్నాను.

"డాక్టరైతే డాక్టరును కాపాడతాడు. నువ్వు ఎవుర్నీ నమ్మవు. నాకు అదే కావల్ల."

అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి అసలు కారణం ఇంకొకటుంది. మా అక్క వైపు వీపు తిప్పి మాట్లాడిన జాతి ఇదే కదా, వాళ్లు తెలియకుండా చేస్తారా, తెలిసే చేస్తారా చూడాలనుకున్నాను.

మొదటి రోజే గొడవైంది. ఒక పేరున్న ప్రొఫెసరు పాఠం చెప్పాడు. చక్కటి గొంతు, బోలెడన్ని విషయాలు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి చదివాను. "ముఖం చూసింది రెండుసార్లు. పేరు పిలిచింది లేదు. 'ఈ కేసు' పద్నాలుగుసార్లు. అడగలేదు. గడియారం చూసుకున్నది పదకొండుసార్లు."

ఆయన ముఖం ఎర్రబడింది. "అమ్మా, మీకు సైకియాట్రీ తెలుసా?"

"తెలీదు సార్."

"మరి మీరేం కొలుస్తున్నారు?"

"గడియారం లెక్క మేడమ్ అడగలేదు సార్. అది నేను సొంతంగా పెట్టినా."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. రోగి కుర్చీలో కూర్చున్న కుర్రాడిలాంటి డాక్టరు మాత్రం నెమ్మదిగా అన్నాడు, "సార్, నిజం చెప్పాలంటే పది నిమిషాల తర్వాత నేను ఇక్కడ ఉన్నానో లేదో నాకే తెలియలేదు."

ఆ ప్రొఫెసరును మేం తర్వాత మా మాటల్లో గడియారం సారు అనేవాళ్లం. ఆయన రెండో శిక్షణకు కూడా వచ్చాడు. ఎందుకొచ్చాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆరు శిక్షణలకు గీతలు పెట్టాక, ఒక సాయంత్రం గోడ దగ్గర, ఎందుకో తెలియకుండానే డాక్టరమ్మకు అక్క సంగతి చెప్పాను. ఆ క్లాసు, ఆ నవ్వు, కార్తె, అన్నీ. ఇంటికి వచ్చాక పంచాంగం తిరగేసి చూశానని, అది నిజంగానే ఆరుద్ర నాలుగో రోజేనని కూడా చెప్పాను. ఆమె అద్దాలు తీసి పట్టుకుని విన్నారు. తర్వాత, "చెప్పేవాడు ఒక్కసారి నవ్వితే, ఆ ముప్పై మందీ నలభై ఏండ్లు నవ్వుతారు పాపా. అందుకే నేను వీళ్లెనక పడింది," అన్నారు. అక్కను చూస్తానని అనలేదు.

తర్వాతి శిక్షణలో రెండో రోజు డాక్టరమ్మే పాఠం చెప్పారు. నా లెక్క కూడా పెట్టు పాపా అన్నారు. పెడుతున్నాను. పదిహేను నిమిషాలయ్యాక, ప్రశ్న ఎలా అడగకూడదో చెప్తూ, "ఒకామె, మెట్ట సేద్యం చేసే మనిషి. నెల అడిగితే కార్తె చెప్పింది," అన్నారు.

గడియారం సారు నవ్వాడు. ఒక్కడే, చిన్నగా. పుస్తకం మూసి, లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వచ్చి ఆటో ఎక్కాను. దారంతా ఒకటే అనుకున్నాను. నేను అనుకున్నదే నిజమైంది. అక్కను తెర వెనక దాచాను. కథను మాత్రం నా చేత్తోనే తీసుకెళ్లి ఇచ్చాను.

పంతొమ్మిది రోజులు గోడ దగ్గరికి పోలేదు. బట్టలు మిద్దె మీద ఆరేశాను. ఆమె రెండుసార్లు వచ్చి తలుపు తట్టారు. పలకలేదు. పలికితే తప్ప ఆమె గడప దాటరని తెలుసు.

ఇరవయ్యో రోజు నేను వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతున్నాను. తప్పించుకోవడానికి లేదు. ఆమె గేటు దగ్గరే నిలబడ్డారు.

"నీతో మాట్లాడేకి రాలేదు పాపా. మీ అక్కతో మాట్లాడల్ల. రావచ్చునా అని ఆమెను అడుగు."

"మా అక్క ఎవురితోనూ మాట్లాడదు."

"ఆ మాట ఆమె చెప్పనీ. వద్దంటే పోతా."

నేను నోరు తెరిచేలోగా లోపల నుంచి అక్క గొంతు వినిపించింది. "ఎవురమ్మీ?"

"పక్కింటి డాక్టరమ్మ," అన్నాను. ఇక అక్క తలుపు వేసుకుంటుందని ఎదురుచూశాను. అక్క వచ్చి నడవలో గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏం కావల్ల?"

డాక్టరమ్మ గేటు దగ్గర నుంచి కదలకుండానే చెప్పారు. "నీ సంగతి నేను నా క్లాసులో చెప్పినా. పేరు చెప్పలేదు. అయినా నిన్ను అడగల్ల కదా, అడగలేదు. తప్పు చేసినా. అది చెప్పేకి వచ్చినా."

"ఏ సంగతి?"

"కార్తె సంగతి."

అక్క ముఖం మారిపోయింది. నాకు భయమేసి చేట కింద పెట్టాను. 

"ఎంతమంది ఉన్నారు ఆడ?"

"పద్నాలుగు మంది."

"నవ్వినారా?"

"ఒకాయన నవ్వినాడు."

లేదని చెప్పొచ్చు. నేనైతే లేదనే చెప్పేదాన్ని.

"నువ్వు ఏమన్నావు ఆయప్పను?"

"నవ్వేకి ఏముండాది, ఆమె చెప్పింది సరైన జవాబే అని చెప్పినా. ఆ పొద్దు ఆరుద్ర నాలుగో దినమే. మీ చెల్లెలు పంచాంగం చూసింది."

అక్క నా వైపు తిరిగింది.

"చూసినావా?"

నేను తలూపాను.

"ఎప్పుడు?"

"అప్పుడే. ఇంటికొచ్చిన దినమే."

"నాకెందుకు చెప్పలేదమ్మీ?" అంది అక్క. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. "పన్నెండేండ్లుగా తప్పు చెప్పినా అనుకుంటాండా. నా తలకాయలో దినాలు కూడా చెడిపోయినాయి, ఇంగ నేను ఏం చెప్పినా నవ్వుతారు, నోరు మూసుకునుండేది మేలు అనుకుంటాండా."

ఆ రోజు పేరెత్తితే అక్కకు జబ్బు తిరగబెడుతుందనుకున్నాను. ఆ భయంతో ఆ మాట ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. డాక్టర్లను అనుమానించాను, పక్కింటామెను అనుమానించాను, కర్టెన్ కట్టాను. అక్క గెలిచిన జవాబును మాత్రం నా దగ్గరే పెట్టుకున్నాను. ఒక బయటి మనిషికి గోడ మీదుగా చెప్పగలిగిన మాట, ఒకే కప్పు కింద ఉన్న అక్కకు చెప్పలేదు.

అక్క డాక్టరమ్మ వైపు తిరిగి అంది, "ఎండలో ఎంతసేపు నిలబడతావు, లోపలికి రా."

ఆ రోజు వాళ్లిద్దరూ ఉరవకొండ గురించి, ఎర్ర నేలల గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. చివర్లో అక్క అడిగింది, "నాకు మందు నువ్వు ఇస్తావా?"

"నేనివ్వను. నేను పక్కింటిదాన్ని. పక్కింటోళ్లు పక్కింటోళ్లుగానే ఉండల్ల. నవ్వని డాక్టరు ఒకాయన ఉండాడు, ఆయప్ప కాడికి పో. నచ్చకపోతే లేచి వచ్చేయి."

ఆయన, మొదటి రోజు రోగి కుర్చీలో కూర్చుని, తను అక్కడ ఉన్నాడో లేదో తనకే తెలియలేదన్న కుర్రాడిలాంటి డాక్టరే. చనిపోయిన వార్త ఫోన్‌లో చెప్పింది కూడా ఆయనే. అక్క వెంట నేనూ వెళ్లాను, పుస్తకం తీసుకునే వెళ్లాను. ఆయన అక్కను ముప్పై నాలుగుసార్లు చూశాడు. తర్వాత లెక్క తప్పింది, అక్క ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. రెండేళ్లుగా అక్క మాత్రలు వేసుకుంటోంది. పూర్తిగా తగ్గిందని రాయను. నాయన గొంతు ఇప్పుడూ అప్పుడప్పుడు వస్తుందట. "వస్తాది, పోతాది. అన్నిటికీ జవాబు చెప్పేకి నాకు పని లేదా," అంటుంది. మూడోసారి తిరగబెట్టలేదు.

డాక్టరమ్మ నన్ను ఒకటే కోరారు. "ఆ కార్తె సంగతి నేను చెప్తే కథ పాపా. తలుపు కాడ నిలబడి చూసినదానివి నువ్వు. నువ్వు చెప్తే సాక్ష్యం. ఆ హాల్లో డాక్టర్ల ముందర ఒక్కసారి చెప్పు. మీ అక్కను అడిగి చెప్పు." అక్కను అడిగాను. "చెప్పు. నేను చెప్పింది సరే అని కూడా చెప్పు," అంది అక్క. డాక్టరమ్మకు మాట ఇచ్చాను. కానీ ఇతరుల అంకెలు చదవడం వేరు, మన ఇంటి సంగతి చెప్పడం వేరు. ప్రతి శిక్షణకూ ఏదో ఒక సాకు చెప్పాను. పిండి రుబ్బాలన్నాను, గొంతు బాగాలేదన్నాను. నాలోని పాత అనుమానం కూడా పూర్తిగా చావలేదు. ఇదంతా ఒక పాఠం కోసం ఆమె పన్నిన ఏర్పాటేమో అని అప్పుడప్పుడు అనిపించేది. బెంగళూరుకు బయల్దేరే రోజు గోడ దగ్గరికి వచ్చి, "వచ్చే నెల?" అన్నారు. "వచ్చే నెల," అన్నాను. అదే చివరి మాట.

ఆమె పోయిన ఇరవై ఆరో రోజున, ముందే అనుకున్న శిక్షణ ఆపకుండా జరిపారు. ఆమె ఫోటోకు దండ వేద్దామని ఎవరో అంటే, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆమె అలాంటివి ఒప్పుకునే మనిషి కాదు. నేను వస్తానని చెప్పి పంపాను. పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అక్క కూడా చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

"నువ్వు ఎందుకక్కా?"

"నా సంగతి చెప్తాండావు. సరిగ్గా చెప్తావో లేదో చూడొద్దా?"

తప్పు పట్టలేకపోయాను. అనుమానం మా ఇంటి రక్తంలోనే ఉన్నట్టుంది.

హాల్లో పదహారు మంది ఉన్నారు. చాలామంది కొత్తవాళ్లు. గడియారం సారు కూడా ఉన్నాడు. డాక్టరమ్మ తర్వాత ఈ పని చూసుకునేది ఆయనేనని ఆ రోజే తెలిసింది. లేచి నిలబడి చెప్పాను. నర్సు పిలిచిన దగ్గర నుంచి, బోర్డు మీద రాసిన దాకా. తర్వాత, "మా అక్క చెప్పింది సరైన జవాబు. ఆరుద్ర కార్తె నాలుగో రోజే. ఇంటికొచ్చిన రోజే పంచాంగం చూశాను. ఆమెకు చెప్పకుండా పన్నెండేళ్లు దాచింది నేను. ఆ నవ్విన సారుది ఎంత తప్పో నాదీ అంతే," అన్నాను. ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా కొట్టలేదు. అది నాకు నచ్చింది.

టీ సమయంలో కుర్చీలు గోదాము బయట వేశారు. గడియారం సారు గ్లాసు పట్టుకుని అక్క దగ్గరికి వచ్చాడు. ఏదో చెప్పాలని వచ్చి నిలబడ్డాడు. ఇతను మళ్లీ ఏం అడుగుతాడో అని నేను రెండడుగులు ముందుకు వేశాను.

"ఆ పొద్దు నవ్వింది నువ్వేనా?" అంది అక్క.

"నేనేనమ్మా. డాక్టరమ్మ చెప్పినప్పుడు నవ్వింది నేనే."

అక్క ఆయన్ను కిందికీ పైకీ చూసింది. "కూర్చోప్పా. నిలబడి తాగితే గొంతుకు పడతాది."

ఆయన కూర్చున్నాడు. చూసుకోలేదేమో, చేతులు లేని ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"యా ఊరు మీది?"

చెప్పాడు.

"ఆడ వానలు పడినాయా?"

"తెలీదమ్మా. నేను ఊరికి పోయి చాలా రోజులైంది."

"అమ్మ ఉందా?"

"ఉంది."

"ఎవురు చూస్తాండారు?"

ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నిద్ర పడతాందా నీకు?" అంది అక్క.

"సరిగ్గా పట్టదమ్మా," అన్నాడాయన. చాలా చిన్న గొంతుతో అన్నాడు.

అక్క కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుంది. లోపల రెండో పాఠానికి పిలుస్తున్నారు. కొత్త డాక్టర్లు ఒక్కొక్కరే లేచి పోతున్నారు. ఆయన లేవలేదు. మెట్టనేల దున్నిన మా అక్క ఆయన ముఖమే చూస్తూ, ఆయన చెప్పేది వింటూ, మధ్యమధ్య తలూపుతూ ఉంది. వాళ్లిద్దరి టీలు అలాగే చల్లారిపోయాయి.

మార్చి 7, శనివారం. కుళాయి నీళ్లు రాలేదు. రొట్టెలు ఎనిమిది. బట్టలు రేపటికి. డాక్టరమ్మకు ఇచ్చిన మాట, అక్కకు ఇవ్వాల్సిన సాక్ష్యం: రెండూ ఇవాళ చెల్లు.